2 మీటర్ల బాల్సా గ్లైడర్ కిట్‌కి మోటారు పెట్టాలి, ఏ సైజు సరిపోతుంది?

తెనాలి_గాలి:
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. రిమోట్‌తో ఎగరేసే బాల్సా (తేలిక చెక్క) గ్లైడర్ కిట్ ఒకటి తెప్పించాను. రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి 2 మీటర్లకు కాస్త తక్కువ. లేజర్‌తో కోసిన రిబ్బులు (రెక్కకి ఆకారమిచ్చే అడ్డపట్టీలు), స్ప్రూస్ స్పార్లు (రెక్క పొడుగునా పోయే కర్రలు), మడతలు పెట్టిన పెద్ద ప్లాన్ కాగితం, అంతే. డిజైన్ పాతది, మోటారు ఉండదు, పొడుగాటి రబ్బరు తాడు సాగదీసి వదిలితే పైకి లేచే రకం. మా వైపు అంత తాడు పరిచేంత ఖాళీ ఎక్కడుంది? అందుకే ముక్కు కోసేసి మోటారు పెడదామనుకుంటున్నా. పాత విమానంలోంచి తీసిన 3536 సైజు 1250 కేవీ (వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు) మోటారు, 40 ఆంపియర్ల ఈఎస్సీ (మోటారు వేగం కంట్రోలర్), 3 సెల్స్ 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ నా దగ్గర ఉన్నాయి. ఇవే పెట్టేస్తే పనైపోతుందా, లేక చిన్నవి కొనాలా? డబ్బులు ఇప్పటికే తడిసి మోపెడయ్యాయి, కొత్తవి కొనకుండా బయటపడితే సంతోషం.

ఫోమ్‌ప్రియుడు:
ఆ కిట్ అటక మీద పెట్టి ఒక ఫోమ్ గ్లైడర్ కొనుక్కో బ్రో. మల్టీప్లెక్స్ వాళ్ళ ఈజీగ్లైడర్ ఉంది, 1.8 మీటర్లు. లేదంటే 2 మీటర్ల రేడియన్. శనివారం సాయంత్రం పెట్టె తెరిస్తే ఆదివారం పొద్దున ఎగురుతూ ఉంటుంది. విరిగితే జిగురు వేసి అతికించి మళ్ళీ ఎగరెయ్యడమే. బాల్సా అంటే నెల్లాళ్ళు కూర్చుని చేసి రెండు నిమిషాల్లో పొట్టు చేసుకోవడం.

బాల్సాపొట్టు:
వచ్చేశాడమ్మా. మే నెలలో ఆ ఫోమ్ రెక్కని కారు వెనక సీట్లో వదిలి, అద్దాలు ఎక్కించి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి రా, తర్వాత మాట్లాడుకుందాం. అతను అడిగింది మోటారు సైజు, కిట్ మార్చమంటావా అని కాదు.

తెనాలీ, బాడీ జోలికి ఇప్పుడే వెళ్ళకు. ముందు రెక్క, తోక పూర్తి చెయ్యి. మోటారు సంగతి తర్వాత తేల్చినా నష్టం లేదు.

నట్టుబోల్టు:
లెక్క ప్రకారం చూస్తే నీ మోటారు చాలా ఎక్కువ. ఈ సైజు గ్లైడర్ అన్నీ కలుపుకుని 850 నుంచి 900 గ్రాములు తూగుతుంది. కిలోకి 150 వాట్లు ఉంటే హాయిగా ఎక్కుతుంది, అంటే నీకు 130, 140 వాట్లు చాలు. 2212 సైజు 1000 కేవీ మోటారుకి 10 బై 6 మడత ప్రొపెల్లర్ (ఆగాక బ్లేళ్ళు వెనక్కి మడుచుకునేది) పెడితే 3 సెల్స్ మీద దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది, లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. నీ 3536 అదే ప్రొపెల్లర్‌తో 30 ఆంపియర్లు దాటుతుంది. రాకెట్ లాగా పోతుంది సరే, ఆ రెక్క అంత వేగానికి కట్టిందా?

ఇంకో లెక్క చూడు. 30 సెకన్లు మోటారు నడిపితే 100 మీటర్లు ఎక్కావనుకో, 13 ఆంపియర్ల చొప్పున ఖర్చయ్యేది 110 ఎంఏహెచ్ లోపే. 1300 ఎంఏహెచ్ బ్యాటరీతో ఎనిమిది సార్లు ఎక్కినా అడుగున మూడో వంతు దాకా మిగులుతుంది. ఒక్కో ఎక్కుడుకి రెండు మూడు నిమిషాలు, గాలి కలిసొస్తే ఇంకా ఎక్కువ. 2200 ఎందుకు చెప్పు?

తెనాలి_గాలి:
లెక్కలకు థాంక్స్ అన్నా. కానీ పాత డిజైన్లలో ముక్కులో సీసం పెట్టేవాళ్ళని చదివాను. ఎలాగూ బరువు పెట్టాల్సిందే అయితే ఆ సీసం బదులు పెద్ద మోటారు, పెద్ద బ్యాటరీ పెడితే తప్పేంటి?

థర్మల్‌తాత:
అబ్బాయ్ మంచి ప్రశ్న వేశావు. నట్టుబోల్టు చెప్పింది తప్పు కాదు గానీ తక్కెడ లేకుండా ధర చెప్పినట్టుంది. ఈ రకం గ్లైడర్లలో అందరికీ తెలిసింది కార్ల్ గోల్డ్‌బర్గ్ కంపెనీ జెంటిల్ లేడీ, ఆ కుటుంబంలోవన్నీ ఒకేలా ఉంటాయి. తోక బూమ్ పొడుగు, ముక్కు పొట్టి, ముక్కులో రిసీవర్ బ్యాటరీ, అది చాలక సీసం. కాబట్టి ముందు బరువుంటే పాపం ఏమీ లేదు. ఎంత బరువు, ఎక్కడ, అన్నదే మాట.

అందుకని ముక్కు కొయ్యకముందే తూకం వెయ్యి. రెక్క, తోక, బాడీ అస్థిపంజరాలు తయారయ్యాక అన్నీ టేపుతో, రబ్బరు బ్యాండ్లతో బిగించు. రెండు సర్వోలు (తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), రిసీవర్, కంట్రోల్ రాడ్లు వాటి చోట్లలో పెట్టు. పైన కప్పే ప్లాస్టిక్ ఫిల్మ్ ఇంకా వెయ్యలేదు కాబట్టి దాని బదులు రెక్క మీద, తోక మీద ఆ ఫిల్మ్ ముక్కలే అంతంత కోసి పరుచు. ప్లాన్ మీద సీజీ (బరువు సరితూగే చోటు) గుర్తు ఎక్కడుందో అక్కడ రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తు. తోక కిందకి వాలుతుంది. ముక్కు చివర ఒక ప్లాస్టిక్ కప్పు వేలాడదీసి సమంగా నిలబడేదాకా నట్లు, బోల్టులు వేస్తూ పో. తర్వాత ఆ కప్పుని వంటింటి త్రాసు మీద పెట్టు. ఎన్ని గ్రాములొస్తే అది నీ చేతిలో ఉన్న సొమ్ము. మోటారు కొనేది అప్పుడు.

బాల్సాపొట్టు:
తాతగారు చెప్పినదానికి ఒక తోక తగిలిస్తా, నిజంగా తోక గురించే. ఈ డిజైన్లలో సీజీ నుంచి తోకకి ఉన్న దూరం, సీజీ నుంచి ముక్కుకి ఉన్న దూరానికి రెండున్నర రెట్ల పైనే ఉంటుంది. తోకలో 10 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 25, 27 గ్రాములు పెట్టాలి, అంటే విమానం మొత్తం మీద 35 పైగా పెరిగినట్టు. కాబట్టి కిట్‌లో వచ్చిన బాల్సా పలకలన్నీ చేత్తో పట్టుకుని చూడు, ఒకే సైజు పలకలైనా బరువులో తేడాలుంటాయి, తేలికైనవి తోకకి తీసి పక్కన పెట్టు. బరువైనవి ముక్కుకి వాడు. తోక జాయింట్లకి ఎపాక్సీ రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ పల్చటి సైనో (సూపర్ గ్లూ రకం) చుక్క చాలు.

జిగురు సంగతి కూడా చెప్పేస్తా. ఫైర్‌వాల్‌కి (ముక్కులో మోటారు బిగించే పలక), రెక్క మధ్య జాయింటుకి అరాల్డైట్ లాంటి నిదానంగా గట్టిపడే ఎపాక్సీ. స్పార్ మీద రిబ్బులకి ఫెవికాల్ రకం తెల్ల జిగురు, టైమ్ ఉంటుంది సర్దుకోవడానికి, ఎండాక సాండ్ పేపర్‌కి సైనోలా మొండికెయ్యదు. మాది వైజాగ్, గాల్లో తేమ ఎక్కువ, ఇక్కడ తెల్ల జిగురు ఆరడానికి రాత్రంతా పడుతుంది, సైనో ఏమో కన్ను మూసి తెరిచేలోపు పట్టేస్తుంది.

ఫోమ్‌ప్రియుడు:
నేను ఇంకా ఫోమ్ పార్టీయే గానీ కప్పులో నట్లు వేసే ఐడియా బాగుంది 😀

తెనాలి_గాలి:
తోక, బాడీ చట్రం అయ్యాయి. రెక్క నాలుగు ముక్కల్లో రెండయ్యాయి, లోపలి రెండు. ఇక్కడ ఒక అనుమానం. ప్లాన్‌లో పై స్పార్, కింది స్పార్ మధ్య ఖాళీగానే వదిలేశాడు, కొందరి ఫోటోల్లో ఆ సందులో చిన్న చిన్న బాల్సా పలకలు అతికించి ఉన్నాయి. అవి అవసరమా? కిట్‌లో అయితే ఇవ్వలేదు.

బాల్సాపొట్టు:
పెట్టు. కళ్ళు మూసుకుని పెట్టు. వాటిని షీర్ వెబ్స్ అంటారు. రెక్క పైకి వంగినప్పుడు పై స్పార్ నలుగుతుంది, కింది స్పార్ సాగుతుంది. మధ్యలో పట్టి ఉంచేది లేకపోతే పై స్పార్ రెండు రిబ్బుల నడుమ బయటికి ఉబ్బి ఫట్‌మంటుంది. వెబ్ పెడితే రెండు స్పార్లూ కలిసి ఒక దూలంలా పనిచేస్తాయి. మందం 1.5 మిల్లీమీటర్లు చాలు. కానీ చెక్క రేఖలు నిలువుగా ఉండాలి, స్పార్‌కి అడ్డంగా. పొడుగునా పెడితే సగం బలం ఎటు పోయిందో తెలియదు. ఒక్కో ముక్కా రెండు రిబ్బుల మధ్య కొలిచి కోసి, కాగితం కూడా దూరనంత బిగువుగా కూర్చోబెట్టి, పైన కింద స్పార్లకి జిగురు పూర్తిగా అంటేలా చూడు. సందు వదిలి జిగురుతో నింపితే అది వెబ్ కాదు, బరువు. మధ్య నుంచి లోపలి ప్యానెల్ చివరిదాకా పెడితే సరిపోతుంది, బయటి ప్యానెళ్ళకి అక్కర్లేదు. మొత్తానికి పెరిగేది కొన్ని గ్రాములే, అదీ సీజీ దగ్గరే.

ఇంకోటి. రెక్క కట్టేటప్పుడు ప్లాన్ మీద పాలిథిన్ కవర్ పరిచి, కింద నిజంగా చదునైన బల్ల ఉందా అని ట్యూబ్‌లైట్ వెలుతురులో స్టీలు స్కేలు నిలబెట్టి చూసుకో. తలుపు చెక్కలు చదునుగా కనిపిస్తాయి, ఉండవు. గుండుసూదులు స్పార్‌లోంచి గుచ్చకు, పక్కల నుంచి ఏటవాలుగా పట్టించు.

తెనాలి_గాలి:
అక్కా, వెబ్స్ పెట్టాను. చేతుల్లో పట్టుకుని మెలితిప్పితే ముందుకీ ఇప్పుడుకీ తేడా స్పష్టంగా తెలుస్తోంది.

తూకం కూడా అయింది. కప్పులో 120 గ్రాములు పడ్డాయి. సీజీ నుంచి ముక్కు చివరికి 28 సెంటీమీటర్లు.

నట్టుబోల్టు:
సూపర్, ఇప్పుడు లెక్క నిజంగా వెయ్యొచ్చు. 120 ఇంటూ 28 అంటే 3360. ఇది నీ బడ్జెట్.

2212 మోటారు, స్పిన్నర్, మడత ప్రొపెల్లర్ కలిపి 90 గ్రాములు అనుకో, ముక్కు చివరే ఉంటాయి, 2520. ఈఎస్సీ 25 గ్రాములు, సీజీకి 18 సెంటీమీటర్ల ముందు, 450. రెండూ కలిపి 2970. మిగిలింది 390. 1300 ఎంఏహెచ్ బ్యాటరీ 115 గ్రాములుంటుంది కాబట్టి దాని మధ్యభాగం సీజీకి మూడున్నర సెంటీమీటర్లు ముందుంటే చాలు. రెక్క ముందంచు కింద హాయిగా పడుతుంది, ఇంకాస్త ముందుకీ వెనక్కీ జరపడానికి చోటు కూడా ఉంటుంది. గ్రాము సీసం అక్కర్లేదు.

ఇప్పుడు నీ 3536. మోటారు 100, స్పిన్నర్ ప్రొపెల్లర్ 40, మొత్తం 140 ఇంటూ 28 అంటే 3920. బ్యాటరీ, ఈఎస్సీ పెట్టకముందే బడ్జెట్ దాటేసింది. 190 గ్రాముల 2200 బ్యాటరీని సీజీకి వెనక్కి నెట్టాలి. అక్కడ నీ సర్వోలున్నాయి. లేదా ముక్కు పొట్టి చెయ్యాలి, అప్పుడు బ్యాటరీ పట్టదు.

తాతగారూ, తక్కెడ దొరికింది, ఇప్పుడు ధర ఒప్పుకుంటారా?

థర్మల్‌తాత:
ఒప్పుకున్నా నాయనా 😀 చూశావా తెనాలీ, 2200 బ్యాటరీ ఒక్కటే అయితే నేను వద్దనేవాణ్ణి కాదు, సీజీకి రెండు సెంటీమీటర్ల ముందు కూర్చునేది. మోటారే కుదరదు. 2212 కొనుక్కో, ఈ మొత్తంలో చవకైన వస్తువు అదే.

ముక్కు ఎక్కడ కొయ్యాలంటే, స్పిన్నర్ కొన పాత ముక్కు కొన ఉన్నచోటికే వచ్చేలా వెనక్కి కొలిచి కొయ్యి. ఫైర్‌వాల్ 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వెనక మూలల్లో త్రికోణపు కర్రముక్కలు. మోటారు చల్లబడటానికి ముక్కు కింద గాలి లోపలికి, రెక్క వెనక నుంచి బయటికి. బయటికి పోయే రంధ్రం లోపలికి వచ్చేదాని కంటే పెద్దదిగా ఉండాలి.

డాలస్_గద్ద:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇక్కడ మా క్లబ్బులో ఎఫ్5జే అని మోటారు గ్లైడర్ల పోటీలు ఆడతారు, ఈ చర్చకి బాగా సరిపోతుంది. రూల్ ఏంటంటే మోటారు మొదట్లో ఒక్కసారే, గరిష్ఠంగా 30 సెకన్లు. తర్వాత 10 నిమిషాల సమయంలో ఎంతసేపు గాల్లో ఉంటే అన్ని పాయింట్లు. కానీ విమానంలో ఎత్తు కొలిచే చిన్న పెట్టె ఉంటుంది, మోటారుతో ఎక్కిన ప్రతి మీటరుకి అర పాయింటు కోస్తారు, 200 మీటర్లు దాటితే మీటరుకి 3 పాయింట్లు. అందుకని తెలివైనవాళ్ళు తక్కువ ఎత్తులోనే మోటారు ఆపేసి థర్మల్ (పైకి లేచే వేడి గాలి) వెతుక్కుంటారు. పెద్ద మోటారుతో పైకి పోవడం సులువే, దాని వల్ల ఒరిగేది తక్కువ.

తెనాలి గారూ, పోటీ లేకపోయినా టైమర్ పెట్టుకుని అలా ఆడి చూడండి, మోటారు ముట్టుకోవాలనే అనిపించదు.

తెనాలి_గాలి:
పోటీల దాకా ఎక్కడ గురువుగారూ, ముందు నేల మీద నుంచి లేవనివ్వండి. అవునూ, ఇక్కడ పర్మిషన్ల సంగతేంటి? డ్రోన్ రూల్స్ అంటూ మా బావ భయపెడుతున్నాడు.

నట్టుబోల్టు:
2021 డ్రోన్ రూల్స్ గ్లైడర్‌కీ వర్తిస్తాయి, రిమోట్‌తో ఎగిరేదేదైనా అందులోకే వస్తుంది. 250 గ్రాముల పైన 2 కిలోల దాకా మైక్రో తరగతి. సరదాకి, వ్యాపారం కాకుండా ఎగరేసేవాళ్ళకి ఈ తరగతిలో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కంటికి కనిపించే దూరంలోనే ఎగరెయ్యాలి. రిజిస్ట్రేషన్ సంగతి డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) వెబ్‌సైట్‌లో, మ్యాప్ వాళ్ళ డిజిటల్ స్కై సైట్‌లో చూసుకో. గ్రీన్ జోన్‌లో (మ్యాప్‌లో ఆకుపచ్చగా చూపే చోటు) 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా పర్మిషన్ అడగక్కర్లేదు. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అయితే ముందు అనుమతి కావాలి, 8 నుంచి 12 మధ్య 200 అడుగులే. మా హైదరాబాద్ వాళ్ళ గతి చూడు, ఉత్తరం వైపు వెళ్తే దుండిగల్, హకీంపేట, మధ్యలో బేగంపేట, దక్షిణాన శంషాబాద్. ఊరు దాటి గంట ప్రయాణం చేస్తే గానీ రెక్క విప్పడానికి లేదు. నీకు గన్నవరం చాలా దూరం, అదృష్టవంతుడివి. అయినా మ్యాప్ తెరిచి నీ పొలం మీద వేలు పెట్టి చూసుకున్నాకే వెళ్ళు.

డాలస్_గద్ద:
ఇక్కడా 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషనే, 5 డాలర్లు, మూడేళ్ళకి. దాంతోపాటు ట్రస్ట్ అని చిన్న ఆన్‌లైన్ పరీక్ష, ఉచితం.

మోడరేటర్:
రూల్స్ మీద వేరే చర్చ నడుస్తోంది, పెద్దది కావాలంటే అక్కడ రాయండి. ఇక్కడ గ్లైడర్.

తెనాలి_గాలి:
రెక్క మొత్తం అయింది. ఫిల్మ్ వేశాను, బయటి ప్యానెళ్ళు ఎరుపు, లోపలివి పారదర్శకం పసుపు, రిబ్బులు కనిపించాలని. 2212 వచ్చింది, బిగించాను. రెండు సమస్యలు.

ఒకటి, వెనక నుంచి చూస్తే ఎడమ బయటి ప్యానెల్ వెనకంచు కొంచెం కిందకి తిరిగి ఉంది, కుడిది పైకి ఉంది. ఫిల్మ్ వెయ్యకముందు రెండూ ఒకేలా ఉన్నాయి.

రెండు, ప్రొపెల్లర్ పెట్టి గాలికి పట్టుకుంటే మోటారు ఆపాక దాని బ్లేళ్ళు మడుచుకోవట్లేదు, అలాగే తిరుగుతూ ఉంది.

నట్టుబోల్టు:
రెండోది నాది. ఈఎస్సీలో బ్రేక్ అనే సెట్టింగ్ ఉంటుంది, చాలావాటిలో ఫ్యాక్టరీ నుంచి ఆఫ్‌లోనే వస్తుంది. మామూలు విమానాలకి అదే కరెక్ట్. గ్లైడర్‌కి బ్రేక్ ఆన్ ఉండాలి. మోటారు ఆగిన వెంటనే షాఫ్ట్ తిరగకుండా పట్టేస్తుంది, అప్పుడు గాలి ప్రొపెల్లర్ బ్లేళ్ళని వెనక్కి తోసి బాడీకి ఆనిస్తుంది. షాఫ్ట్ తిరుగుతూ ఉంటే బ్లేళ్ళు బయటికి విచ్చుకునే ఉంటాయి, అది గాల్లో చెయ్యి అడ్డం పెట్టినట్టే. ప్రొపెల్లర్ విప్పేశాకే ఇది చెయ్యి: త్రాటిల్ పూర్తిగా పైన పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, బ్యాటరీ తగిలిస్తే బీప్‌లు వరసగా వస్తాయి. ఏ బీప్ దేనికో నీ ఈఎస్సీ కాగితంలో ఉంటుంది, బ్రేక్ బీప్ రాగానే స్టిక్ కిందకి లాగు. బ్లేడు స్క్రూలు కూడా చూడు, ముక్కు కిందకి పెడితే బ్లేళ్ళు వాటంతట అవి వేలాడేంత వదులు ఉండాలి.

పనిలో పని, ఫెయిల్‌సేఫ్ కూడా పెట్టు. రిసీవర్‌కి సిగ్నల్ పోతే మోటారు ఆగిపోవాలి. ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి పరీక్షించు, ఇదీ ప్రొపెల్లర్ లేకుండానే.

బాల్సాపొట్టు:
మొదటిది నాకు వదిలెయ్. ఫిల్మ్ ఒకవైపు ముందు బిగిస్తే అది లాగినవైపుకి ప్యానెల్ తిరుగుతుంది, మామూలే, పల్చటి రెక్కల్లో తప్పదు. బాగు చెయ్యడం కష్టం కాదు. మనకి కావాల్సింది రెండు చివర్లలోనూ వెనకంచు 3, 4 మిల్లీమీటర్లు పైకి, రెండూ సమానంగా. దాన్నే వాష్‌అవుట్ అంటారు. వేగం తగ్గినప్పుడు రెక్క చివరల కంటే మధ్యభాగం ముందు స్టాల్ అవుతుంది (మోసే బలం కోల్పోతుంది), అప్పుడు ముక్కు మెల్లగా వాలుతుంది తప్ప పక్కకి పల్టీ కొట్టదు. నీ ఎడమ ప్యానెల్ ఇప్పుడున్నట్టు వదిలేస్తే ఎడమ చివర ముందు స్టాల్ అవుతుంది, అదీ మలుపు తిప్పుతున్నప్పుడు.

ప్యానెల్‌ని చదును బల్ల మీద పెట్టి, చివర వెనకంచు కింద 4 మిల్లీమీటర్ల బాల్సా పుల్ల దూర్చి, ముందంచు కదలకుండా పుస్తకాలతో నొక్కిపెట్టు. ఇంట్లో ఇంకొకళ్ళుంటే చేత్తో పట్టుకోమను. హీట్ గన్ పై ఫిల్మ్ మీద దూరం నుంచి అటూ ఇటూ తిప్పు, సడలి మళ్ళీ బిగుస్తుంది. తిరగేసి కింద కూడా అంతే. వేడి ఆరేదాకా వదలకు. తర్వాత పదడుగుల దూరంలో కుర్చీ మీద పెట్టి వెనక నుంచి ఒక కన్ను మూసి చూడు, రెండు చివరలూ ఒకేలా కనిపించాలి. మర్నాడు మళ్ళీ చూడు, కొన్నిసార్లు రాత్రికి రాత్రి వెనక్కి వెళ్ళిపోతాయి.

తెనాలి_గాలి:
చేశాను అక్కా, రెండూ సమానం. మా ఆవిడ పట్టుకుంది, చేతికి వేడి తగిలిందని ఒక రౌండ్ తిట్లు పడ్డాయి. బ్రేక్ కూడా పనిచేస్తోంది, స్టిక్ దించగానే టక్కున మడుచుకుంటోంది. మొత్తం బరువు 870 గ్రాములు.

ఎగరెయ్యడానికి ఇంకొన్నాళ్ళు ఆగాలి. డెల్టాలో వరి కోశాక పొలాలు ఖాళీగా ఉండవు, మినుము ఉంటుంది. మినుము పీకేదాకా అందులో అడుగు పెడితే రైతు ఊరుకోడు, నేనే రైతునైనా ఊరుకోను.

థర్మల్‌తాత:
ఆగు, తొందరేమీ లేదు. ఖాళీ అయ్యాక పొద్దున్నే, గాలి లేనప్పుడు వెళ్ళు. సీజీ రెక్క వెడల్పులో ముందంచు నుంచి 35 శాతం దగ్గర మొదలుపెట్టు. ఎలివేటర్ (తోకలో అడ్డంగా కదిలే పలక) పైకీ కిందకీ 10, 12 మిల్లీమీటర్లు, రడ్డర్ (నిలువుగా ఉండేది) అటూ ఇటూ 30 పైనే. ఈ రెక్కకి ఐలెరాన్లు (పక్కకి ఒరగడానికి రెక్కలో కదిలే పట్టీలు) లేవు గదా, రడ్డర్ తిప్పితే ముక్కు పక్కకి వెళ్ళి, వంపు తిరిగిన రెక్క దానంతట అది ఒరుగుతుంది, అందుకే రడ్డర్ ఎక్కువ కావాలి.

ముందు మోటారు లేకుండా నడుము ఎత్తు నుంచి గాలికి ఎదురుగా, ముక్కు ఒక్క పిసరు కిందకి పెట్టి, సమంగా వదులు. పైకి విసరకు. తిన్నగా పోయి ముప్పై నలభై అడుగుల్లో నేలకి తగిలితే చాలు. గంతులేస్తే ఎలివేటర్ ట్రిమ్ కొంచెం కిందకి, తలకిందులుగా దిగితే పైకి. అది కుదిరాకే మోటారు.

తెనాలి_గాలి:
ఎగిరింది! చేతి నుంచి వదిలిన రెండో విసురుకే చక్కగా పోయింది, మోటారుతో పైకి పంపి ఆపాక ఆ నిశ్శబ్దం, అబ్బ. కంట్రోల్స్ వదిలేస్తే తిన్నగానే పోతోంది, ఎటూ లాగట్లేదు.

కానీ ఫుల్ త్రాటిల్‌లో ముక్కు నిట్టనిలువుగా లేచిపోతోంది, డౌన్ ఎలివేటర్ నొక్కి పట్టుకోకపోతే వీపు మీద పడేలా ఉంది. సగం త్రాటిల్‌లో ఫర్వాలేదు. సీజీ ముందుకి జరపాలా?

నట్టుబోల్టు:
మోటారు ఆపినప్పుడు బాగా ఉందంటే సీజీ ముట్టుకోకు. ఇది డౌన్‌థ్రస్ట్ లేకపోవడం. మోటారు పైవైపు రెండు స్క్రూల వెనక పల్చటి వాషర్లు వెయ్యి, షాఫ్ట్ రెండు మూడు డిగ్రీలు కిందకి చూసేలా. స్పిన్నర్ బాడీకి రాసుకోకుండా చూసుకో. ఇంకా మిగిలితే ట్రాన్స్‌మిటర్‌లో త్రాటిల్ నుంచి ఎలివేటర్‌కి మిక్స్ పెట్టు, కొద్దిపాటి డౌన్. ఫ్లైస్కై ఐ6 లాంటి మామూలు సెట్‌లో కూడా ఆ మిక్స్ ఉంటుంది.

థర్మల్‌తాత:
సీజీ చూడాలంటే వేరే పరీక్ష ఉంది. మంచి ఎత్తులో మోటారు ఆపి, ట్రిమ్ సరిచేసి, కొంచెం ముక్కు దించి డైవ్‌లోకి పంపి చేతులు తీసెయ్. గబుక్కున పైకి లేస్తే ముక్కు బరువు. ఇంకా ఇంకా కిందకి మునిగితే తోక బరువు, వెంటనే లాగి దించెయ్, బ్యాటరీ ముందుకి జరుపు. నిదానంగా తనంతట తాను లేస్తే వదిలెయ్. బ్యాటరీని ఒక్కోసారి 3 మిల్లీమీటర్లకి మించి జరపకు.

తెనాలి_గాలి:
వాషర్లతో దారికొచ్చింది. డైవ్ పరీక్షలో కొంచెం గబుక్కునే లేస్తోంది, బ్యాటరీ కొద్దిగా వెనక్కి జరిపాను, ఇప్పుడు రడ్డర్ కూడా చురుగ్గా ఉంది.

నిన్న పదకొండింటికి వెళ్తే పక్క చేలో దున్నిన నల్లరేగడి మీద రెండు గద్దలు రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయి. వాటి కిందకి తీసుకెళ్ళగానే ఒక రెక్క పైకి లేచింది, అటే తిప్పాను, అంతే, ఎక్కడం మొదలుపెట్టింది. బాగానే ఉంది గానీ ఆ తర్వాత దిగనంటుంది! 120 మీటర్ల హద్దు దగ్గరకొచ్చేసింది, ముక్కు దించితే రెక్కల్లోంచి ఈల శబ్దం, భయమేసి వదిలేశాను. చివరికి చెరువు వైపు తీసుకెళ్తే దిగింది. మళ్ళీ ఇలా అయితే ఏం చెయ్యాలి?

థర్మల్‌తాత:
చెరువు వైపు పోవడమే సరైన పని. ఎక్కే గాలి చుట్టూ దిగే గాలి ఉంటుంది, నీళ్ళ మీద, పచ్చటి చేల మీద ఎక్కడం తక్కువ. నిటారు డైవ్ మాత్రం వద్దు, ఈ రెక్కలు విరిగేది అక్కడే. పూర్తి రడ్డర్, పూర్తి అప్ ఎలివేటర్ పట్టుకుంటే సుళ్ళు తిరుగుతూ వేగం పెరగకుండా దిగుతుంది, ముందు ఎత్తులో అలవాటు చేసుకో. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతుంది, అది గుర్తుపెట్టుకో, పైరగాలి మొదలయ్యాక మరీను.

బాల్సాపొట్టు:
లేదంటే స్పాయిలర్లు పెట్టు, ఈ పాత గ్లైడర్లకి చాలామంది పెడతారు. లోపలి ప్యానెళ్ళలో స్పార్‌కి కాస్త వెనక, పైవైపు, 25 సెంటీమీటర్ల పొడుగు 3 సెంటీమీటర్ల వెడల్పు బాల్సా పట్టీ. ముందంచు ఫిల్మ్ టేపుతో కీలు, వెనకంచు పైకి లేవాలి. దారం ఒకటి రిబ్బుల్లోంచి ఖాళీ రీఫిల్ గొట్టంలో నడిపి బాడీలో ఒక సర్వోకి కట్టు, దారం లాగితే రెండూ ఒకేసారి లేస్తాయి. మూసుకున్నాక కదలకుండా చిన్న అయస్కాంతం ముక్క చాలు. రెండు వైపులా ఒకే ఎత్తు లేస్తున్నాయా అన్నదే చూసుకోవాలి. నీ రెక్క ఇప్పటికే ఫిల్మ్ వేసేశావు కాబట్టి రిబ్బుల మధ్య కోతలు పెట్టాలి, వెబ్స్ తగలకుండా. లోపలి ప్యానెల్ ఫోటో పైనుంచి ఒకటి పెట్టు, పసుపు ఫిల్మ్‌లోంచి రిబ్బులు కనిపిస్తాయిగా, ఎక్కడ కొయ్యాలో గీసి పంపిస్తా.